ఊరి చెరువు, తాటివనం చూపించి వన్యప్రాణుల పాఠం చెప్పాలనుకుంటున్న, ఎట్ల మొదలుపెట్టాలె?

బయోసైన్స్_సారు (నల్లగొండ జిల్లా)

అందరికీ నమస్తే. నేను ఒక జెడ్పీ హైస్కూల్ల బయోసైన్స్ చెప్త. మొన్న ఎనిమిదో తరగతికి జీవవైవిధ్యం పాఠం మొదలుపెట్టేటప్పుడు ఊరికే అడిగిన, మన ఊరి చుట్టుపక్కల అడవి జంతువులు, పక్షులు ఏమేం ఉన్నయో చెప్పుండ్రి అని. సింహం అన్నరు, జిరాఫీ అన్నరు, ఒకడు పెంగ్విన్ అన్నడు. గుట్ట కింద తండా నుంచి వచ్చే పిల్ల ఒకామె మెల్లగ "సార్ ఉడుము" అంటే క్లాసంతా నవ్విండ్రు. ఆమె చెప్పిందే కరెక్టు, కానీ పాపం మళ్ల నోరు తెరవలే. టీవీల కనబడ్డవే వన్యప్రాణులు, ఇంటి వెనక తిరిగేవి లెక్కల లేవు వీళ్లకు.

బడి నుంచి పది నిమిషాలు నడిస్తే చెరువు ఉంది, కట్ట పొడుగునా తాళ్లు, అవతల పరికి కంపలు, బండలు ఉన్న గుట్ట. తోటి సార్లేమో జూపార్కు ట్రిప్ వేద్దాం అంటున్నరు. వద్దనను, పిల్లలకు సంబురమే, కానీ బస్సు కిరాయి ఎవరు పెట్టాలె, పెట్టినా మళ్ల చూసేది ఆ సింహాన్నే కదా. నాకు ఈ చెరువునే పాఠం చెయ్యాలని ఉంది. చేతుల పైసలు లేవు, బైనాక్యులర్లు లేవు, నాకు తెలిసిన పక్షులు కూడా కొన్నే. హెడ్‌మాస్టరుకు భయం, చెరువుల మట్టి తోడిన గుంతలున్నయి, ఏమన్నా అయితే ఎవరు జవాబుదారీ అంటున్నడు. మీలో ఎవరన్నా ఇట్లాంటిది చేసి ఉంటే ఏం చేపిచ్చిండ్రో, పిల్లలు ఏం పట్టుకున్నరో చెప్పుండ్రి. చెట్లు నాటుదాం, ప్లాస్టిక్ వద్దు అనే నినాదాల పాఠం అయితే నాకొద్దు, అది ఏటా చెప్తనే ఉన్నం.


తంపర_టీచరమ్మ (టెక్కలి వైపు)

మాస్టారూ, మాది శ్రీకాకుళం జిల్లా, తేలినీలాపురం మాకు దగ్గరే. ఊళ్లో చెట్ల మీదే గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్క్ అనే రంగుల కొంగలు వందల్లో గూళ్లు కడతాయి, వర్షాలు తగ్గే రోజుల్లో వచ్చి వేసవి మొదలయ్యేదాకా ఉంటాయి. మా పిల్లలకి పక్షులు తెలుసు గానీ వాటి గురించి తెలిసినదంతా "సైబీరియా నుంచి వస్తాయి టీచర్" అనే ఒక్క ముక్క. పేపర్లలోనూ అదే రాస్తారు, టూరిస్టులకీ అదే చెబుతారు.

నేను అక్కడే పట్టుకుంటాను. గూడు ఎక్కడ కట్టింది? ఇక్కడ. గుడ్లు ఎక్కడ పెట్టింది? ఇక్కడ. మరి సైబీరియా నుంచి చలికి తట్టుకోలేక వచ్చిన పిట్ట అయితే పిల్లల్ని సొంతూళ్లో లేపుతుందా, చలికాలం గడపడానికి వచ్చిన చోట లేపుతుందా? పిల్లలు వాళ్లలో వాళ్లు వాదించుకుని వాళ్లే తేలుస్తారు. ఈ రెండూ మన దక్షిణాసియా పక్షులే, నీళ్లూ చేపలూ ఎక్కడ దొరికితే అటు తిరుగుతుంటాయి. నిజంగా దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి, మంగోలియా, టిబెట్ వైపు గూళ్లు కట్టి హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్, ఉత్తరాన చలిదేశాల నుంచి వచ్చే సూదితోక బాతులు, ఇవి మన చెరువుల్లో దిగుతాయి గానీ గూడు కట్టవు. మీ చెరువులో కనబడే ప్రతి పిట్టకీ ఈ ప్రశ్న వేయించండి, ఇది ఇక్కడిదా చుట్టమా అని, బోలెడు పాఠం అందులోంచే వస్తుంది.

రెండోది, గూడు ఉన్న చెట్టొక్కటే దాని ఇల్లు అనుకుంటారు పిల్లలు. మా పక్షులు గూడు ఊళ్లో కట్టినా మేతకి తంపర అనే చిత్తడి నేలలకీ, నౌపడ వైపు ఉప్పు మళ్లకీ, చేపల చెరువులకీ పోతాయి. 2022 మొదట్లో ఇక్కడ వందకి పైగా గూడబాతులు చచ్చిపోయాయి, చేపల ద్వారా కడుపులో నులిపురుగులు చేరాయని డాక్టర్లు చెప్పారు. ఊళ్లో ఎవరూ వాటి మీద ఒక రాయి కూడా వెయ్యలేదు, చెట్లు కొట్టలేదు, అయినా పోయాయి. అది చూసిన పిల్లలకి ఆవాసం అంటే ఏంటో మనం డెఫినిషన్ చెప్పక్కర్లేదు. ఆ ఏడాది వాళ్లతో మ్యాప్ గీయించాను, గూడు ఏ ఊళ్లో, తిండి ఏ ఊళ్లో, మధ్యలో కరెంటు తీగలు ఎక్కడెక్కడ అని.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలదీ ఇలాంటి కథే, అవి జూన్‌లో వస్తాయి, మూసినా సందు మిగిలే ముక్కుతో నత్తల్ని గుల్లలోంచి లాగి తింటాయి. వరిపొలాల్లో నత్తలుంటేనే ఆ పక్షి. మీ వైపు కూడా కనిపిస్తుంది, చూడండి.


చెరువుకట్ట_బర్డర్ (హైదరాబాద్)

సార్, నేను టీచర్‌ని కాదు, సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు చెరువుల వెంట తిరిగే బ్యాచ్. రెండు మూడు స్కూళ్ల పిల్లలతో వాక్‌లు చేశాం కాబట్టి పనికొచ్చేది చెప్తా.

మీకు పక్షులు తక్కువ తెలియడం అసలు సమస్య కాదు, పేర్లు చెప్పేవాడు పక్కనుంటే పిల్లలు చూడటం మానేసి "సార్ అదేంటి సార్ ఇదేంటి" అని అడుగుతూనే ఉంటారు. మొదటి రెండు వారాలు పేర్లు అడగొద్దు అని రూల్ పెట్టండి, సైజు (పిచ్చుకంతా, కాకంతా, కోడంతా), ముక్కు ఎట్లా ఉంది, ఎక్కడ నిలబడింది, ఏం చేస్తోంది, ఇవే రాయాలి. బురద అంచున ఒకటి, మోకాలి లోతు నీళ్లలో ఒకటి, నడి చెరువులో మునిగి లేచేది ఒకటి, తూటికాడ పొదల్లో దాక్కునేది ఒకటి, ఇట్లా చెరువు నాలుగైదు ఇళ్లుగా విడిపోతుంది వాళ్ల కళ్లముందే. ముక్కు పొడుగుకీ నిలబడిన లోతుకీ సంబంధం ఒక పిల్ల తనే కనిపెట్టి చెప్పింది మా వాక్‌లో, పుస్తకంలో అనుకూలనాలు అని మనం బట్టీ పెట్టించేది అదే కదా.

బుడుబుంగ నీళ్ల మీద తేలే గూడు కడుతుంది, మీ చెరువులో తప్పకుండా ఉంటుంది. తామరాకులుంటే వాటి మీద పొడుగు వేళ్లతో నడిచే జకానా కూడా ఉండొచ్చు, దాంట్లో గుడ్లు పొదిగేది మగది, ఆడది గుడ్లు పెట్టి ఇంకో మగదాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఇది చెప్పినప్పుడు ఆడపిల్లల నవ్వు చూడాలి మీరు.

ఒకే చోట, ఒకే టైమ్, పావుగంట, వారానికోసారి. ఇది ముఖ్యం. ఒక్కసారి పోయి ఫొటోలు దిగి వస్తే పిక్నిక్ అవుతుంది. వానాకాలం నిండిన చెరువు, అలుగు పారిన వారం, జనవరిలో బాతులు, ఏప్రిల్‌లో నీళ్లు తగ్గి బురద బయటపడ్డప్పుడు వచ్చే ఉల్లంకులు, ఈ తేడా అంతా ఏడాది లెక్కల్లో వాళ్లకే కనిపిస్తుంది. ఆ లెక్కలు ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కించండి, ఫ్రీ. ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది, ప్రపంచమంతా లెక్కపెడతారు, మీ ఊరి చెరువు పేరు అందులో కనబడితే పిల్లలు ఎగిరి గంతేస్తారు. హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం అని గుర్తింపు వచ్చింది, దేశంలో ఒక చెరువుకి అట్లా రావడం అదే మొదలు, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోతున్నా సరే. అక్కడ కూడా మొదట జరిగింది జనం వారం వారం చూసి రాసుకోవడమే.

వద్దన్నవి: గూళ్ల దగ్గరికి పోవడం, ఫోన్‌లో పక్షి కూత పెట్టి పిలవడం, గుడ్లతో ఫొటో. తీతువు గుడ్లు రాళ్ల మధ్య నేల మీదే ఉంటాయి, కాలు పడుతుంది, చూసి నడవమనండి.


రైతుబిడ్డ_సూర్యాపేట

అందరు కొంగలు బాతులు అని మస్తు చెప్తున్నరు. ఒక మాట అడుగుత, ఆ క్లాసుల సగం మంది రైతుల పిల్లలే కదా, వాళ్ల ఇండ్లల్ల వన్యప్రాణి అంటే అడవిపంది, కోతి. మా నాయన పల్లి వేసుడు బంద్ చేసిండు కోతుల వల్ల, కూరగాయలు ఎప్పుడో పోయినయి. మక్క చేన్ల ఒక్క రాత్రి పందుల మంద పడితే పొద్దుగాలకు ఏం మిగలది. హరితహారం మొదలుపెట్టిన కొత్తల "వానలు వాపసు రావాలె, కోతులు వాపసు పోవాలె" అన్నరు, కోతులు ఇంకా ఇంటి కప్పు మీదనే ఉన్నయి. మీరు పోయి సంరక్షణ అని బోర్డు మీద రాస్తే ఆ పిల్లగాడు ఇంటికి పోయి నాయనకు ఏమని చెప్పాలె?

నేను వద్దంటలేను సార్. కానీ పాఠంల ఇది కూడా పెట్టుండ్రి. పంది ఎందుకు ఊర్లకు వస్తుంది, గుట్టల మీద క్రషర్లు పడ్డంక అది ఏడ పండాలె, నక్కలు, తోడేళ్లు తగ్గినంక దాని పిల్లలను తినేది ఎవరు, రోడ్ల మీద కోతులకు అరటిపండ్లు వేసేది ఎవరు, ఇవి మాట్లాడుండ్రి. పందుల కోసం చేను చుట్టు కరెంటు తీగ పెట్టి మనుషులే చచ్చిపోతున్నరు, ఏటా పేపర్ల చూస్తనే ఉన్నం, అది కేసు కూడా అయితది. పిల్లలకు చెప్తే వాళ్లు ఇంట్ల చెప్తరు, మనం సర్పంచ్ దగ్గర చెప్తే ఎవడూ వినడు.

ఇంకోటి పాములు. మా దిక్కు కనబడ్డ ప్రతి పామునూ కొడ్తరు. జెర్రిపోతు చేన్ల ఎలుకలను తింటది, చెరువుల కనబడే నీరుకట్టెకు విషమే లేదు, అయినా కట్టె తీసుకుంటరు. ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఆ నాలుగు ఫొటోలు బడి గోడకు పెద్దగ అతికించుండ్రి, కాటు పడితే మంత్రగాని దగ్గరకు పోకుండ 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకు పోవాలని రాయుండ్రి. అయితే గుర్తు పట్టినం కదా అని పిల్లలు ఏ పామునూ ముట్టొద్దు, దూరం జరగాలె, అదొక్కటి గట్టిగ చెప్పాలె.


తాళ్ల_కింద_పోరడు

సార్ మీ పోస్టుల కట్ట పొడుగునా తాళ్లు అన్నరు చూడుండ్రి, అందరు చెరువు మీదనే పడ్డరు గాని నాకైతే అసలు పాఠం ఆడ ఉంది అనిపించింది. మా తాత, మా నాయన తాళ్లు ఎక్కినోళ్లే, నేను డిగ్రీ చేసి ఇంకో పనిల పడ్డ గాని చిన్నప్పుడు ఆ చెట్ల కిందనే పెరిగిన.

ఒక్క తాడిచెట్టు తీసుకోండి. మట్టల కొసలకు గిజిగాని గూళ్లు, వానాకాలంల. కట్టేది మగది, సగం కట్టినంక ఆడది వచ్చి చూసి పోతది, నచ్చకుంటే ఆ గూడు అట్లనే తోకలేకుండ మిగిలిపోతది, కింద నిలబడి పిల్లలను లెక్కపెట్టమనండి, ఎన్ని పూర్తయినయి, ఎన్ని సగంలనే ఆగినయి. పెద్ద గిజిగాడు గింజలు తింటది గాని పిల్లలకు పురుగులు తెచ్చి పెడ్తది, చేన్ల మీద గుంపు వాలితే తిట్టుకునే రైతుకు ఇది కూడా తెలవాలె. ఆకుల అడుగు దిక్కు చూస్తే తాటి ఉడుపులు, చిన్న చిన్న పక్షులు, అర్ధచంద్రం లెక్క రెక్కలు, ఆకుకే ఈకలు ఉమ్ముతోని అంటించి గూడు చేస్తయి, దినమంతా గాలిల తిరిగి దోమలు, పురుగులు పట్టుకుంటయి. ఎండుమట్టల సందుల గబ్బిలాలు. రాత్రి పూట మానుపిల్లి వచ్చి కుండల కల్లు తాగిపోతది, ఇది గౌడుల ఇండ్లల్ల ఎవరినడిగినా నవ్వుకుంట చెప్తరు.

ఇగ తల ఇరిగిన మోడు ఉంటది, పనికిరానిది అని కొట్టేస్తరు చూడండి, దాంట్ల తొర్రలు. రామచిలుక, గోరువంక, పైడికంటి (చిన్న గుడ్లగూబ), పాలపిట్ట, అన్నీ ఆ తొర్రల కోసమే కొట్లాడుకుంటయి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి, దసరనాడు చూస్తే మంచిదని ఊరంతా పొలాలకు పోతం. కానీ కొందరు ముందే పట్టుకొచ్చి రెక్కలు కట్టేసి, జిగురు పూసి, పైసలు తీసుకొని చూపిస్తరు, పండుగ అయినంక ఆ పిట్ట బతకదు. దసర ముందటి వారం ఈ పాఠం పెట్టుండ్రి సార్, సరిగ్గ అప్పుడే పెట్టాలె. మోడు కొట్టేసి, పిట్టను కట్టేసి, మళ్ల దర్శనం అనుకుంట ఎట్లుంటది?

ముఖ్యమైంది ఏందంటే, మీ ఊర్ల తాడెక్కే పెద్దమనిషి ఒకాయనను బడికి పిలువుండ్రి. కుర్చీ వేసి కూసోబెట్టి పిల్లలతోని ప్రశ్నలు అడిగించుండ్రి, ఏ చెట్టు మీద ఏ నెలల ఏం గూడు పెట్టింది, పదేండ్ల కింద ఎన్ని గూళ్లుండె, తాళ్లు ఎందుకు తగ్గినయి. పొద్దుగాల, మాపటికి ఆ చెట్టు మీదికి పోయి అన్నీ దగ్గర నుంచి చూసినాయన ఆయన. ఆయన మనుమడు మీ క్లాసుల ఉంటే వానికి ఆ దినం ఎట్లుంటదో ఊహించుకోండి. అట్లనే చెరువుల వల వేసే ముదిరాజ్ పెద్దమనిషిని, మీరు చెప్పిన తండా పిల్ల తాతను. ఉడుము గురించి వాళ్లకు తెలిసింది పుస్తకంల లేదు. అయితే ఒకటి జాగ్రత్త, ఉడుమును కొట్టుడు, పట్టుడు చట్టం ప్రకారం నేరం, ఆ మాట పిల్ల ముంగట దాని ఇంటోళ్ల మీదికి పోకుండ చూసుకోండి.


రిటైర్డ్_హెచ్చెమ్ (గుంటూరు)

పర్మిషన్ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. మీ హెడ్‌మాస్టరు భయం న్యాయమైనదే. మట్టి తోడిన గుంతలున్న చెరువులో అంచు ఎక్కడ తెగుతుందో పెద్దవాళ్లకే తెలియదు. కాబట్టి కాగితం మీద "చెరువు సందర్శన" అని రాయకండి, "చెరువు కట్టపై నుంచి పరిశీలన" అని రాయండి, నిజంగానే కట్ట దిగకండి. తల్లిదండ్రుల సంతకాలు, ఇద్దరు టీచర్లు, వరుసకి పది పన్నెండు మంది, ఒక గజ ఈతగాణ్ణి వెంట పెట్టుకుంటే ఇంకా మంచిది, వల వేసేవాళ్లు ఎవరైనా వస్తారు. ఎకో క్లబ్ పేరు మీద రిజిస్టరులో రాయించండి, అప్పుడు ఎవరైనా ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినా చూపించడానికి ఉంటుంది. ఎఫ్ఏల్లో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో) ప్రాజెక్టు పనికి ఎటూ మార్కులున్నాయి, నెట్‌లోంచి పులి బొమ్మ ప్రింటు తీసి అతికించే బదులు ఈ చెరువు లెక్కల నోటుబుక్కునే ప్రాజెక్టు కింద తీసుకోండి. సిలబస్ పాడవుతుంది అనే నోళ్లు దాంతో మూతపడతాయి.

మా ఉప్పలపాడు ఊరి చెరువులో పక్షులు గూళ్లు కట్టేది ఎక్కువ భాగం సర్కారు తుమ్మ మీద. ఆ చెట్టు బయట నుంచి వచ్చిపడ్డ కలుపు అని అందరం తిడతాం, తిట్టాల్సిందే, కానీ అక్కడ అది కొట్టేస్తే గూళ్లు పోతాయి. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా పెట్టారు, పక్షులు వాటి మీదా వాలతాయి. ఇలాంటి చిక్కు ప్రశ్నలు తొమ్మిదో తరగతి పిల్లలు బ్రహ్మాండంగా వాదిస్తారు. మీ తెలంగాణలో బళ్ల ముందు, రోడ్ల మధ్య కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు తెగ పెట్టి తర్వాత ప్రభుత్వమే వద్దంది కదా, మీ ఆవరణలో ఉంటే పిల్లల్ని ఒక రోజు దాని కిందా, మరో రోజు కాయల మీదున్న రావి కిందో మేడి కిందో కూర్చోబెట్టండి. ఏ చెట్టు మీదికి ఏమేం వచ్చాయో వాళ్లే రాస్తారు. చెట్లు నాటడం వేరు, ఆవాసం వేరు అని ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.


బయోసైన్స్_సారు (నల్లగొండ జిల్లా)

అందరికీ చాలా థాంక్స్, ఇన్ని జవాబులు వస్తయనుకోలే. హెచ్చెమ్ గారు చెప్పినట్టు "కట్టపై నుంచి పరిశీలన" అని రాసిస్తే మా సారు సంతకం పెట్టిండు, శుక్రవారం ఆఖరి పీరియడ్. తాడెక్కే ఆయనను కూడా అడిగిన, "నాకేం వస్తది సారూ సదువు చెప్పనీకి" అన్నడు గాని వస్తనన్నడు, పొద్దుగాల చెట్టు దిగినంక. పందుల ముచ్చట తొమ్మిదో తరగతికి డిబేట్ పెడ్త, రెండు దిక్కులా రైతు పిల్లలే ఉంటరు కాబట్టి అది గట్టిగనే అయితది. పాముల ఫొటోల పని డ్రాయింగ్ మంచిగ వేసే పిల్లలకు అప్పజెప్పిన.

ఒక్క డౌట్ మిగిలింది. తొర్రల ముచ్చట చెప్తుంటే ఒక పిల్లగాడు "సార్ మా ఇంట్ల పంజరంల రామచిలుక ఉంది, మూడేండ్లాయె" అన్నడు సంబురంగ. మన చిలుకలను పెంచుడు 1972 చట్టం ప్రకారం తప్పు అని నాకు తెలుసు. అప్పటికప్పుడు ఏమనలేక వేరే ముచ్చటకు పోయిన. ఏం చెయ్యాలె?


తంపర_టీచరమ్మ (టెక్కలి వైపు)

మాస్టారూ, క్లాసులో అందరి ముందూ ఆ పిల్లాణ్ణి తప్పు పట్టకపోవడమే మంచిదయింది, లేకపోతే రేపటి నుంచి ఎవరూ ఇంటి సంగతి చెప్పరు. చట్టం గురించి క్లాసంతటికీ మామూలుగా చెప్పండి, ఎవరి పేరూ ఎత్తకుండా. చిలకని తొర్రలోంచి పిల్లగా ఉన్నప్పుడే తీస్తారు, ఒకటి అంగడికి చేరేలోపు ఇంకెన్నో చస్తాయి, అది చెబితే పిల్లలకి చాలు. వాళ్ల నాన్నగారితో మీరు విడిగా మాట్లాడండి. చిలకని గాల్లోకి వదిలెయ్యమని మాత్రం అనకండి, ఏళ్లపాటు పంజరంలో ఉన్నది ఎగరలేదు, తిండి వెతుక్కోలేదు, మొదటి రోజే కాకులు పొడిచేస్తాయి. అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేసి, అప్పగిస్తాం, ఎవరి మీదా కేసు లేకుండా చూడండి అని ముందే మాట్లాడుకోండి. వీలైతే మీరూ వాళ్లతో కలిసి వెళ్లండి, ఒంటరిగా పంపితే వాళ్లు దారిలోనే ఎవరికో ఇచ్చేసి వస్తారు.